గుట్ట మీద జారిన బిళ్ళ

మా ఊళ్ళో నా మరదలికి ఒక పేరుంది. మొగుని కన్ను తిన్నది. కోరుట్ల అంగట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళకు కూడా ఆ పేరు తెలుసు. ఊరు పెట్టిన పేరని అందరూ అనుకుంటారు. ఊరు పెట్టలేదు, నేను పెట్టాను. నా తమ్ముడి కుడికన్ను గుంటలోకి దిగిపోయి అట్లాగే ఉండిపోవడానికి కారణం నేను. ఆ నింద అతని భార్య మీద వేసింది కూడా నేనే. జరిగింది జరిగినట్టు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తాటిచెట్లు గీసే ఇల్లు. నాయన పోయాక ఆయన మోకు నడుముకు కట్టుకుని చెట్లెక్కింది నేను. తమ్ముడికి ఎత్తంటే చిన్నప్పటి నుంచీ భయం. "భూమ్మీద నిలవడి జేసే పని ఏదన్న జేస్త గని, చెట్టు మాత్రం నాతోని గాదు" అని సిరిసిల్ల పోయి బట్ట నేసే సాంచాలు నడిపాడు. అక్కడే కాపురం పెట్టాడు. ఒక బిడ్డ పుట్టింది. ఆ తర్వాత గుడ్డకు గిరాకీ లేక సాంచాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళు అప్పుడో రోజు ఇప్పుడో రోజు నడిచి, చివరికి షెడ్డుకు తాళం పడింది. భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు.

అప్పుడు జగిత్యాలలో ఒక ఏజెంటు దుబాయికి మనుషుల్ని పంపుతుండేవాడు. పెద్ద బిల్డింగులకు ఇనుప పైపులు కట్టే పని. తాటిచెట్లెక్కేవాళ్ళయితే ఎత్తుకు భయపడరని మా వాళ్ళనే వెతికేవాడు. మా ఇంటికి ఒక వీసా ఇస్తానన్నాడు, ఎవరు పోతారో చెప్పమన్నాడు. చెట్లెక్కే అలవాటున్నది నాకు. నేను తమ్ముడి పేరు చెప్పాను. నాకు కల్లు దుకాణం ఉంది, దాన్ని వదిలి పోలేనన్నాను. తమ్ముడు నా ముఖం చూసి, "సరే అన్నా, నువ్వంటే పోత" అన్నాడు. నాయన పోయినప్పుడు వాడు చిన్నపిల్లవాడు. అప్పటి నుంచి నా మాటకు ఎదురు చెప్పింది లేదు.

దుబాయిలో వాడు ఎత్తు మీదినుంచి కిందపడలేదు. కింద నిలబడి ఉన్నప్పుడు పైనుంచి పైపు జారి ముఖం మీద పడింది. ఫోనొచ్చినప్పుడు నేను దుకాణంలో ఉన్నాను. అక్కడే, కల్లు కుండల మధ్య చేతులు జోడించి మొక్కుకున్నాను. మా తమ్ముడు ప్రాణంతో వస్తే, డాక్టరు కత్తి వాడి ముఖానికి తగలకముందే గుట్టకు తీసుకొస్తాను స్వామీ అని. కొడిమ్యాల దిక్కున్న గుట్ట మీది హనుమంతుడు మా ఇంటి దేవుడు. మొక్కు సంగతి అమ్మకు కూడా చెప్పాను. అదొక తాడై నా మెడకే పడుతుందని అప్పుడు అనుకోలేదు.

తమ్ముడు వచ్చాడు. కుడి చెంప ఎముక లోపలికి కుంగిపోయి ఉంది. కన్ను కిందికి, లోపలికి జారింది. వాడికి ఒక్క మనిషి ఇద్దరుగా కనిపించేవాడు. నొసలు మొద్దుబారిపోయింది, గిచ్చినా తెలియదు. అక్కడి కంపెనీ వాళ్ళు పైన కుట్లేయించి విమానమెక్కించారు. లోపల ఎముకలు పగిలినచోటే వంకరగా అతుక్కోవడం మొదలుపెట్టాయి. ఐదేళ్ళ బిడ్డ వాడిని చూసి తల్లి చీర వెనక దాక్కుంది. "దా బిడ్డా, మీ బాపునే" అంటే, "గీయిన మా బాపు గాదు" అని ఏడ్చింది. తమ్ముడు నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వు కూడా ఒక పక్కనే వచ్చింది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి డాక్టరు చేస్తానన్నాడు. నా ఈడువాడే. మా ముగ్గురినీ, నన్నూ తమ్ముడినీ మరదలినీ, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. తెర మీద తమ్ముడి పుర్రె ఉంది. డాక్టరు మంచివైపు ఎముకను అద్దంలోలా తిరగేసి, పగిలినవైపు పెట్టి చూపించాడు. పచ్చగీతలో ఒక చెంప మెరిసింది.

"ఇదీ మీ చెంప ఉండాల్సిన చోటు. ఎముకను మళ్ళీ విరిచి ఇక్కడికి తేవాలి. కన్ను కింద పళ్ళెం లాంటి ఎముక ఉంటుంది, అది పగిలిపోయింది. అక్కడ సన్నని లోహపు జల్లెడ పెట్టాలి. లోపలికి ఎంత దూరం పెట్టాలో కంటికి కనిపించదు. వెనకాలే చూపు నరం ఉంటుంది. అందుకే ఈ మిషను."

ఆపరేషనులో ఒక మొనదేలిన కడ్డీ వాడతారట. పైన ఉన్న కెమెరా దాన్ని చూస్తుంటుందట. కడ్డీ మొన ముఖం లోపల ఎక్కడుందో, స్కానులో సరిగ్గా అక్కడ చుక్క కనిపిస్తుందట. తమ్ముడికి వెంటనే అర్థమయింది.

"దుబాయిల మా కంపెనీ బండిల గిట్లనే ఉండె సార్. మనం యాడున్నమో చూపెట్టేది. లోపలికెల్లి ఒక పిల్ల మాట్లాడేది."

"అంతే, అదే పద్ధతి" అన్నాడు డాక్టరు.

"మరి నా మొఖంల మీరు తప్పుతొవ్వ పడితె ఎనుకకు మల్లుమంటదా సార్?"

డాక్టరు నవ్వాడు. మరదలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దుబాయి నుంచి వచ్చాక తమ్ముడూ మరదలూ కలిసి నవ్వడం అదే మొదలు. తర్వాత మళ్ళీ చూడలేదు.

శనివారం స్కాను తీశారు. తీసేముందు ఒక అమ్మాయి తమ్ముడి నొసటి మీద, కణతల దగ్గర, చెవి వెనక చొక్కా గుండీలంత గుండ్రటి బిళ్ళలు అతికించింది. ఒక్కొక్కదాని నడుమ చిన్న రంధ్రం. చుట్టూ ఊదారంగు పెన్నుతో గీత గీసింది. ఆ బిళ్ళలు స్కానులోనూ కనిపిస్తాయి, చర్మం మీదా ఉంటాయి. ఆపరేషనుకు ముందు కడ్డీతో ఒక్కొక్కదాన్నీ తాకితే, ఈ ముఖమూ ఆ బొమ్మా ఒకటేనని మిషను గుర్తుపడుతుంది. డాక్టరు అందరి ముందే, ప్రత్యేకంగా నాకు చెప్పాడు.

"మీరు పెద్దవారు, మీకు చెబుతున్నాను. సోమవారం దాకా వీటిని ముట్టుకోకూడదు. నీళ్ళు వద్దు, నూనె వద్దు, బొట్టు వద్దు. ఒక్కటి జరిగినా మిషను అబద్ధం చెబుతుంది."

సరే సార్ అన్నాను. ఆదివారం సాయంత్రానికి గానీ మంచం ఖాళీ లేదన్నారు. అంతదాకా పట్నంలో చుట్టాలింట్లో ఉంటామని చెప్పి, కిరాయి కారులో ఊరికి వచ్చేశాం. అమ్మ గడపలోనే అడిగింది.

"కత్తి తాకకముందే అని మొక్కినవ్ గదరా. రేపు పొయ్యేటప్పుడు గుట్ట తొవ్వల్నే ఉండె. దర్శనం గాకుండ పోతె, జరగరానిది జరిగితె, నీదే బాధ్యత."

మరదలు మెల్లగా అంది. "డాక్టరు సారు బొట్టు గుడ వద్దన్నడు గదత్తా. మంచిగైనంక పోతె గాదా?"

"మంచిగ గావద్దనే గద నీకుండేది? మంచిగైతె మల్ల దుబాయి పోతడని నీ రంది."

ఆమె దుబాయి వద్దన్నది నిజమే. అందరి ముందూ అన్నది. సిరిసిల్లకు పోయి బీడీలు చేసుకునైనా బతుకుతాం గానీ ఈయన్ని మళ్ళీ పంపనంది. అమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

మరునాడు గుట్ట కింద కారు ఆపినప్పుడు మరదలు దిగలేదు. అడిగితే తలవంచుకుంది. ఆమె ఆ రోజు బయట చేరింది. ముట్టుతో గుడికి రాకూడదు.

"గియ్యాల్నే గావాల్నా నీకు?" అన్నాను. ఆమె ఆపగలిగేదన్నట్టు! డ్రైవరు చాయకు పోయాడు. అద్దాలు ఎత్తుకుని ఆ ఎండలో కారులోనే కూర్చోమన్నాను. ఆమె కూర్చున్నచోటి నుంచే తమ్ముడి తలకు తువ్వాల చుట్టింది. జనం ముఖం చూసి ఆగిపోకుండా ఉండటానికి.

గుళ్ళో పూజారి తువ్వాల తీయించి, బిళ్ళలు చూసి ఆగాడు. "గివేంది?"

"దవాఖానవి. మీరు పెట్టుండ్రి అయ్యగారూ" అన్నాను.

అక్కడి సింధూరం నూనెతో కలిపి ఉంటుంది. పూజారి బొటనవేలితో నొసటి నిండా రాశాడు. వద్దని అనలేదు నేను. వంగమని తమ్ముడి మెడ మీద చెయ్యేసి వంచింది నేనే. ఆ నిమిషాన నాకు డాక్టరు గుర్తులేడు. మొక్కు తీరిందని గుండె తేలికయింది.

మెట్లు దిగుతుంటే ఎండకు చెమట పట్టింది. సగం దిగాక చూస్తే, నొసటి నడుమ బిళ్ళ కనుబొమ్మ దగ్గరికి జారి ఉంది. వెనకాల ఎర్రటి గీత. వాడికి తెలియలేదు, నొసలు మొద్దుబారింది కదా. బొమ్మలూ గాజులూ అమ్మే ఒక దుకాణం నీడలో కూర్చోబెట్టి తువ్వాలతో తుడిచాను. దాని పక్క బిళ్ళ కూడా నా చేతిలోకి వచ్చింది. ఊదారంగు గీతలు ఆ రెండు చోట్లా పోయాయి. తక్కినవి ఉన్నాయి.

"ఏం జేస్తున్నవే అన్నా?"

"చెమట తుడుస్తున్న. కండ్లు మూసుకో."

అప్పుడు డాక్టరుకు ఫోను చేసి ఉంటే సరిపోయేది. బిళ్ళలు మళ్ళీ అతికించి, మళ్ళీ స్కాను తీసేవాళ్ళు. తిట్లు పడేవి, అంతే. ఆ తిట్లకు భయపడ్డాను. అంత పెద్ద చదువు చదివినవాడు నా ముఖం మీదే 'మొరటోళ్ళు' అంటాడేమోనని భయం. ఆ దుకాణంలోనే చిన్నపిల్లలు కాగితపు పువ్వులు అతికించే జిగురు దొరికింది. గుర్తున్నంతలో రెండు బిళ్ళలూ వాటి చోట పెట్టాను. దుకాణంవాడి దగ్గర నీలం పెన్ను తీసుకుని చుట్టూ గీతలు గీశాను. దూరం నుంచి చూసి బాగానే ఉందనుకున్నాను.

కారులో ఎక్కగానే మరదలు చూసింది.

"బావా, గీ రెండిటికి నీలం గీతున్నదేంది? తక్కినయి ఊదారంగున్నయి గద."

"నోరు మూసుకొని కూసో."

తమ్ముడు ముందు సీటులో ఉన్నాడు. ఎదుటి అద్దంలో తన నొసలు చూసుకున్నాడు. తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం ఆసుపత్రిలో నర్సు బిళ్ళలన్నీ ఉన్నాయా అని చూసి, ఉన్నాయని వెళ్ళిపోయింది. వార్డులో ఉక్కపోతగా ఉంది. మరదలు తడిగుడ్డతో తమ్ముడి మెడ, చేతులు, గడ్డం కింద తుడిచింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. అప్పటికి ఆ చూపులో ఏ ఆలోచనా లేదు.

మరునాడు తమ్ముడిని లోపలికి తీసుకెళ్ళాక చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. ముఖానికున్న గుడ్డ గడ్డం కిందికి లాగి, మా ఇద్దరి ముందూ నిలబడ్డాడు.

"మిషను కుదరడం లేదు. కడ్డీ ముందు పన్ను మీద పెడితే, తెర మీద పన్ను పక్కన గాలిలో చూపిస్తోంది. ముక్కు దూలం దగ్గరా అంతే. నొసటి మీది రెండు బిళ్ళలు స్కానులో ఉన్న చోట లేవు. వాటిని వదిలేద్దామంటే మిగిలినవన్నీ పక్కలకే ఉన్నాయి, సరిపోవు. బిళ్ళ కింద ఎర్రగా ఏదో ఉంది. ఎవరు ముట్టుకున్నారు?"

అడిగింది నన్ను. నా నోట్లోంచి మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది, తడబడకుండా, సిద్ధంగా ఉన్నట్టు.

"ఆయన భార్య సార్. బొట్టు వెట్టింది. నిన్న సాయంత్రం తడిగుడ్డతోని మొఖం తుడిచింది."

ఆమె నావైపు తిరిగింది. "తుడిచిన సార్, గని మెడకు, గదవకు తుడిచిన. నొసలు ముట్టలే. బొట్టు నేను..."

"చెప్పాను కదమ్మా!" డాక్టరు గొంతు పెంచాడు. నడవాలో ఉన్నవాళ్ళంతా చూశారు. "ఎంత చెప్పినా మీకు తలకెక్కదా? మీ భర్త ముఖం అమ్మా అది!"

ఆమె నావైపే చూస్తూ ఉండిపోయింది. నేను గోడ మీది గడియారం చూశాను.

డాక్టరు కాస్త తగ్గి, రెండు దారులున్నాయన్నాడు. ఇప్పుడు మత్తు దించి, వేరే రోజు మళ్ళీ బిళ్ళలు పెట్టి స్కాను తీసి చేయడం ఒకటి. మిషను లేకుండా చేతి అంచనాతో ఇప్పుడే చేయడం రెండోది. "రెండోదైతే నేను కంటి వెనక్కి పూర్తిగా పోలేను. నరానికి తగిలితే చూపు పోతుంది, అందుకని ముందే ఆగిపోవాలి. కన్ను కొంత లోపలే ఉండిపోవచ్చు. రెండుగా కనిపించడం తగ్గకపోవచ్చు. ఆగడమే మంచిది. మీరు చెప్పండి."

"ఆగుదాం సార్" అంది మరదలు.

డాక్టరు నా జవాబు కోసం చూశాడు. పెద్దవాణ్ణి నేను కదా. మత్తు దించితే తమ్ముడు లేస్తాడు. డాక్టరు అడుగుతాడు. గుట్టకు పోయినం సార్ అంటాడు. అంత మాత్రమే నా లెక్క. తమ్ముడి కన్ను ఒకవైపు, ఆ ఒక్క మాట ఇంకొకవైపు.

"కానియ్యండి సార్" అన్నాను. "మల్లమల్ల అంటే తిరుగలేం."

కాగితం మీద సంతకం నేనే పెట్టాను.

చెంప కొంత పైకి వచ్చింది. కన్ను రాలేదు. కట్లు విప్పిన రోజు తమ్ముడు నన్ను చూసి, "ఇంక ఇద్దరున్నవే అన్నా" అన్నాడు. ఆ డాక్టరును మా వైపు చాలామంది తిట్టారు, పైసలకు చేసిండని. అది కూడా తప్పే. ఆయన ఆగుదామన్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మకు నేను చెప్పిందల్లా అదే. కోడలు ముఖం తుడిచింది, బిళ్ళలు కదిలినయి. అమ్మ కాసేపు ఆలోచించి అడిగింది. "గా రోజు బయటుండె గదరా అది?" నేను తలూపాను. అంతే. తక్కినదంతా అమ్మే అల్లుకుంది. ముట్టు చేతితోని దేవుని సింధూరం తుడిచింది. మొక్కును మైల పరిచింది. మొగుడు మళ్ళీ దుబాయి పోవద్దని కావాలనే చేసింది. నేను ఒక్క ముడి వేశాను, అమ్మ వలంతా అల్లింది. వాడకట్టంతా ఆ వల పట్టుకుని గుంజింది.

కులపెద్దలు మా వాకిట్లో కూర్చున్నప్పుడు మరదలు నిలబడి చెప్పింది. ఏడవలేదు.

"గుట్ట మీద సింధూరం వెట్టిచ్చింది బావ. ఊడిన బిళ్ళలు మల్ల అతికిచ్చింది బావ. నీలం గీతలు నా కండ్లతోని చూసిన."

ఒక పెద్దమనిషి నవ్వాడు. "బండిల గూసున్నదానికి గుట్ట మీది ముచ్చట ఎట్ల దెలిసెనే? గాలి వచ్చి చెప్పెనా?"

అందరూ నవ్వారు. నన్ను అడిగారు. గుట్ట మీది హనుమంతుని మీద ఒట్టేశాను, నేను బిళ్ళలు ముట్టలేదని. ఏ దేవుడి మొక్కు కోసం ఇదంతా జరిగిందో ఆ దేవుడి మీదే. తర్వాత తమ్ముణ్ణి అడిగారు. వాడు మంచం మీద కూర్చుని, మంచి కన్నుతో నేలకేసి చూస్తున్నాడు.

"మా అన్న అబద్దం జెప్పడు" అన్నాడు.

ఆమెను మేడిపల్లికి, తల్లిగారింటికి పంపారు. బిడ్డను పంపలేదు. తండ్రిని చూసుకోవడానికి ఒక ఆడపిల్ల ఉండాలంది అమ్మ. ఆటో దగ్గర బిడ్డ తల్లి కొంగు పట్టుకుని వదల్లేదు. అమ్మ ఒక్కొక్క వేలే విప్పింది. "పోనియ్యి బిడ్డా. మీ బాపు కన్ను తిన్నది. ఉంటే నీది గుడ తింటది." ఆ పిల్ల భయపడి చెయ్యి తీసేసింది. ఆటో పోయేదాకా నేను అక్కడే ఉన్నాను.

తమ్ముడు మళ్ళీ ఎక్కడికీ పోలేదు. దారాలు రెండుగా కనిపించేవాడికి సాంచాల దగ్గరేం పని? నా దుకాణంలోనే కల్లు పోసేవాడు. గ్లాసు పక్కన పోసేవాడు. తాగేవాళ్ళకు అదొక తమాషా. "ఏం బావా, నీకు రెండు గ్లాసులు కనవడితె మాకు రెండు పోస్తవా, ఇంక లేకుంటె రెండిటి పైసలడుగుతవా?" తమ్ముడు కూడా నవ్వేవాడు. తర్వాత్తర్వాత ఒక అద్దానికి నల్లరంగు పూసిన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆమె మేడిపల్లిలో బీడీలు చుట్టి బతికింది. అప్పుడప్పుడు బిడ్డకు ఫోను చేసేది. ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తి పెట్టేసేవారు. పిల్ల పెద్దదై సొంత ఫోను వచ్చాక తల్లి ఆ ఫోనుకే నేరుగా చేసేది.

బిడ్డ ఇప్పుడు సిరిసిల్లలో రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. పోయిన ఏడాది ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. వాకిట్లో తల దువ్వుకుంటూ ఫోను స్పీకరులో పెట్టింది. తల్లి గొంతు.

"ఒక్కపారి అచ్చిపో బిడ్డా. నీ మొఖం చూడబుద్ధైతాంది."

"మా బాపు మొఖం చూసినవ్ గద, సాలలేదా? నాది గుడ గావాల్నా?"

 మంచంలో ఉన్న అమ్మ లోపలి నుంచి, "మంచిగన్నవ్ బిడ్డా" అని కేకేసింది. బిడ్డ ఫోను పెట్టేసి, దువ్వెనలో వెంట్రుకలు తీసి ఉండ చుట్టి పారేసింది. ఆ మాట ఆమె సొంతం కాదు. ఆసుపత్రి నడవాలో నేను అన్న మాటకు అది మనవరాలు.

ఆ రోజే తమ్ముడికి చెప్పాను. దుకాణం మూసి, ఇద్దరమే ఉన్నప్పుడు. గుట్ట మీద ఏం చేశానో, డాక్టరుకు ఏం చెప్పానో, ఆగుదామంటే ఎందుకు వద్దన్నానో అంతా. వాడు కుండలు బోర్లిస్తూ విన్నాడు.

"ఎర్కే" అన్నాడు.

"ఏందిరా?"

"అద్దంల చూసిన గదనే. నీలం గీతలు. అది అడిగినప్పుడు నువ్వు కసిరిచ్చింది గుడ ఇన్న."

"మరి పంచాయితిల ఎందుకు జెప్పలే తమ్మీ?"

"నిన్ను వదులుకుంటె నాకెవలున్నరే? తిండివెట్టేటోనివి నువ్వు. గా పొద్దు ఎవలో ఒకలు పోవాలె. ఆమె పోయింది." కుండ పక్కన ఇంకో కుండ పెట్టబోయి, గాలిలో పెట్టాడు. అది పగిలింది. వాడు పెంకులు ఏరలేదు.

"మేడిపల్లి పోదాం రా. ఇద్దరం జెప్దాం."

"నేను రానే. ఒక్క ఆమెకే మొఖం జూపెట్టలేను. నాకు ఇద్దరు కనవడ్తరు."

నేను సిరిసిల్ల పోయాను. షెడ్డు బయట బిడ్డను పిలిచి, అక్కడే నిలబడి చెప్పాను. ఆమె మెడలో కొలత టేపు అట్లాగే ఉంది. అరవలేదు. ఏడవలేదు. తండ్రికి కూడా తెలుసన్నప్పుడు మాత్రం టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"నడువు మేడిపల్లికి" అంది.

మేడిపల్లిలో మరదలు అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన ఆకులు. జుట్టు సగం తెల్లబడింది. వచ్చింది ఎవరో ఆమెకు వెంటనే తెలియలేదు. "ఎవలు గావాలె బిడ్డా?" అంది. వెనక నన్ను చూశాక తెలిసింది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు ఆడనే ఉండు బావా. అరుగెక్కకు."

ఆగాను. బిడ్డ దగ్గరికి పోయి గబగబా చెప్పింది.

"పెద్దబాపు అంత జెప్పిండమ్మా. బిళ్ళలు ఊడవీకింది గాయిననేనట. నువ్వేం జెయ్యలేవట. నాకు తెల్వదమ్మా."

"నీకు తెల్వదా?" ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "ఎన్నిమాట్ల జెప్పిన బిడ్డా నేను నీకు? ఫోను ఎత్తినప్పుడల్ల జెప్పిన. నేను జెప్తె అబద్దమాయె. గీయిన ఒక్కపారి జెప్తె నిజమాయెనా?"

బిడ్డ చేతికి చుట్టుకున్న టేపు విప్పి మళ్ళీ చుట్టుకుంది.

"రేపు గీయిన మల్ల అచ్చి, లేదు బిడ్డా నేను ఉత్తగన్న, మీ అమ్మనే జేసిందంటె? గదే నమ్ముతవు. నువ్వు నమ్మేది నన్ను గాదు. ఇప్పుడు గుడ గీయిననే నమ్మినవ్."

ఇంటికి రమ్మని, క్షమించమని అడగడం కోసం నేను దారిపొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టింది.

"బస్సుకు యాళ్ళయితాంది. ఆయినతోనే పో" అంది బిడ్డతో. "నా మాట మీదికెల్లి నమ్మబుద్ధైననాడు ఒక్కదానివే రా. అన్నం వెడ్త."

బిడ్డ ఇంకాసేపు నిలబడింది. ఆమె మళ్ళీ తల ఎత్తలేదు.

బస్సులో బిడ్డ నా పక్కనే కూర్చుంది. కోరుట్ల దగ్గర పడుతుండగా నావైపు తిరిగింది.

"బిళ్ళ మొదలు యాడుండె? నువ్వు యాడ అతికిచ్చినవ్? చూపెట్టు."

నా నొసటి మీదే చూపుడువేలు పెట్టి, అది ఉన్న చోటు చూపించాను. తర్వాత నేను అతికించిన చోటు. వేలు సగం గోరంత కూడా కదలలేదు.

"గంతేనా?" అంది.

"గంతే" అన్నాను.

ఆమె లేచి, వెనక సీటుకు పోయి కూర్చుంది.